‘దిగ్గున’ ఎవరి మాట?

మన ఇండ్లలో మనుషులు ఊరకే లేవరు. దిగ్గున లేస్తారు. పడుకున్న పిల్లాడు కలవరించి లేచినా దిగ్గునే. పాలు పొంగిన వాసనకి అమ్మ టీవీ ముందునుంచి లేచినా దిగ్గునే. వియ్యంకులు గుమ్మంలో కనబడగానే నాయన కుర్చీలోంచి లేచినా దిగ్గునే. పక్కింటి కన్నడం వాళ్ళూ అంతే, ‘దిగ్గనె ఎద్ద’ అంటారు. చివర ఒక అచ్చు, మధ్యలో ఒక అచ్చు తప్ప మాటలో తేడా లేదు.

ఆ తేడా లేకపోవడమే మనకి తంటా అయింది. మన పిల్లలు బడి అలవాటు కొద్దీ ‘దిగ్గనె లేసినాడు’, ‘గక్కనె నిలబడినాడు’ అంటారు. చుట్టాల పెండ్లికి విజయవాడ వైపో హైదరాబాదుకో పోయినప్పుడు అక్కడి పిల్లలు నవ్వుతారు. ‘అది కన్నడం కదా, మీరు తెలుగులో కలిపేసుకున్నారు’ అంటారు. ఆ నవ్వు విన్న పిల్లలు మళ్ళీ ఆ మాట నోట్లోంచి రానీయరు. మా ఇంట్లో పదేండ్ల లోపు వాళ్ళంతా ఇప్పుడు ‘సడన్‌గా లేచాడు’ అనే అంటున్నారు. సడన్‌గా అంటే ఎవరూ నవ్వరు చూడండి, అది ఎవరి మాటా కాదు గనక.

అందుకే ఈ మాట ఎక్కడిది, ఎట్లా పుట్టింది అని కొన్నాళ్ళుగా వెతుకుతున్నా. నేను భాషాశాస్త్రం చదివినవాణ్ణి కాదు, సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. చిక్కబళ్ళాపురం జిల్లాలో కన్నడ మీడియంలో చదువుకున్నా. తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నా. రెండు లిపులూ అక్కచెల్లెండ్లు గనక నెల పట్టలేదు. ఒకటి మాత్రం చెప్పగలను: రెండు భాషల మధ్య ఇంట్లో పెరిగినవాళ్ళకి ఈ మాటల లోపలి కీలు కనబడినంత సులభంగా ఒక్క భాషలో పెరిగినవాళ్ళకి కనబడదు.

ముందు అర్థం సంగతి. దిగ్గున అంటే ‘త్వరగా’ అని నిఘంటువుల్లో ఉంటుంది. బ్రౌన్ దొర 1852లో మద్రాసులో అచ్చు వేయించిన తెలుగు నిఘంటువులో ‘దిగ్గన’ ఉంది. కిట్టెల్ దొర కన్నడ నిఘంటువు 1894లో మంగళూరు బాసెల్ మిషన్ వాళ్ళు వేశారు, దాంట్లో ‘దిగ్గనె’ ఉంది. ఇద్దరూ తొందరగా, హఠాత్తుగా అనే అర్థమే ఇచ్చారు. కానీ మన ఇండ్లలో ఆ అర్థం చాలదు. ‘దిగ్గున అన్నం తిను’ అని ఎవరైనా అంటారా? ‘దిగ్గున బస్సు ఎక్కు’ అంటామా? అనం. దిగ్గున దాదాపు ఎప్పుడూ లేవడంతోనే వస్తుంది. కూర్చున్న ఒళ్ళు, పడుకున్న ఒళ్ళు, లోపల ఏదో తగిలి ఒక్కసారిగా పైకి రావడం. ఆ తగిలేది భయం కావచ్చు, మర్యాద కావచ్చు, గుర్తుకొచ్చిన పని కావచ్చు. బయటి నుంచి ఎవరో చెయ్యి పట్టుకుని లేపితే అది దిగ్గున కాదు. కన్నడంలో మంట కూడా ‘ధిగ్గనె’ ఎగుస్తుంది, అక్కడా పైకి లేవడమే.

ఇట్లాంటి మాటలు మనకి ఇంకా ఉన్నాయి, ఒకదాని పని ఇంకొకటి చేయదు. చటుక్కున అనేది చేతికీ బుద్ధికీ సంబంధించింది: చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంటాం, పేరు చటుక్కున గుర్తొస్తుంది. ఠక్కున అనేది ఆగడానికి, జవాబు చెప్పడానికి. చివాలున తల ఎత్తితే దాంట్లో కోపమో పౌరుషమో ఉన్నట్టే. గబుక్కున అనేదాంట్లో అపాయం ఉంది, అందుకే ‘గబుక్కున పడిపోతావు, నిదానం’ అని పెద్దవాళ్ళు అంటారు. రివ్వున పోయేదానికి రెక్కలో వేగమో ఉండాలి. ఈ పనులన్నింటికీ ఇప్పుడు ‘సడన్‌గా’ అనే ఒక్క మాట పెట్టుకున్నాం. నా ఉద్యోగంలో నాకు అన్నింటికన్నా పనికిరాని బగ్ రిపోర్ట్ ఏదంటే, ‘యాప్ సడన్‌గా ఆగిపోయింది’ అని రాసేది. ఠక్కున ఆగిందా, నిలిచి నిలిచి ఆగిందా, తెర చటుక్కున నల్లబడిందా? ఏదీ తెలియదు. ఇంగ్లీషులో అడగాలంటే నాలుగు ప్రశ్నలు రాయాలి.

ఇక పుట్టుక. ఒక పెండ్లిలో ఒక పెద్దాయన నాకు చెప్పింది, ఇది ‘దిక్కు’ నుంచి వచ్చిందని, దిక్కులు చూస్తూ లేవడం గనక దిగ్గున అని. వినడానికి బాగుంది. దిక్కు సంస్కృతం మాట, దిగ్భ్రాంతి అనేదాంట్లో ఉండేది అదే. దిగ్భ్రాంతి అంటే ఏ దిక్కు ఎటో తెలియకపోవడం. కానీ కన్నడంలో గానీ తెలుగులో గానీ దిగ్గున లేచేవాడు దిక్కులు చూడడు, నేరుగా పైకే లేస్తాడు. ఇంకొకరు ‘దిగు’ నుంచి అన్నారు. పాత తెలుగులో డిగ్గు అంటే దిగడమే, నిజమే. మరి దిగేదాన్ని లేచేదానికి ఎందుకు వాడతాం?

మాటని ముందునుంచి పట్టుకుంటే ఇట్లాంటి చిక్కులే వస్తాయి. వెనకనుంచి పట్టుకోవాలి. రహస్యమంతా ఆ చివరి ‘న’లో ఉంది.

దిగ్గున, చటుక్కున, గబుక్కున, రివ్వున, సర్రున, భగ్గున. అన్నింటికీ చివర న. దీని గుట్టు తెలియాలంటే గుండెను అడగాలి. భయమేస్తే తెలుగువాళ్ళ గుండె ‘ఝల్లుమంది’. కన్నడం వాళ్ళ గుండె ‘ఝల్లెందితు’. తమిళం వాళ్ళ గుండె ‘బగీరెండ్రదు’. మూడు చోట్లా చివర ఉన్న క్రియ ఒకటే: అంది, ఎందితు, ఎండ్రదు. అంటే ‘అన్నది’, ‘చెప్పింది’. గుండె ‘ఝల్లు’ అని అంది. మన భాషల్లో ఒళ్ళు అదరదు, ‘జివ్వు’ అంటుంది. మనసు నొచ్చుకోదు, ‘చివుక్కు’ అంటుంది. ముల్లు గుచ్చుకుంటే పాదం ‘చురుక్కు’ అంటుంది.

‘న’ కూడా ఆ ‘అను’ అనే క్రియే. భగ్గు + అన, భగ్గున. పాత తెలుగులో ‘దిగ్గన’ అని అకారంతోనే రాసేవాళ్ళు. ఆ అ అరిగి ముందున్న ఉకారమే మిగిలి దిగ్గున అయింది. కన్నడంలో ఎనె, అనె. తమిళంలో ఎండ్రు, అది మాట్లాడే భాషలో ‘ను’ అయిపోయింది. తమిళనాడులో ఉన్న మన చుట్టాలకి ఇది చెప్పనక్కర లేదు. వాళ్ళ ఇంట్లో ‘టక్కున రా’ అంటారు, వీధిలో ‘టక్కును వా’ అంటారు. రోజుకు పదిసార్లు రెండూ పలికేవాళ్ళు కూడా ఆ న, ఆ ను ఒకే పని చేస్తున్నాయని గమనించి ఉండరు.

అయితే న ఉన్న ప్రతి మాటా ఇట్లాంటిది కాదు. మెల్లన, చల్లన, తియ్యన, తెల్లన కూడా నతోనే ముగుస్తాయి. రెండింటినీ విడదీయడానికి నేను మా పనిలో చేసేటట్టే ఒక చిన్న పరీక్ష పెట్టుకున్నా. న తీసేసి ‘మని’ పెట్టి చూడండి. ఠక్కున, ఠక్కుమని. రివ్వున, రివ్వుమని. గుప్పున, గుప్పుమని. భగ్గున, భగ్గుమని. అన్నీ నిలబడ్డాయి. మెల్లన? మెల్లుమని అనం. తెల్లుమని? అనం. అంటే మెల్లన, తెల్లన అనేవి వేరే కొమ్మ, వాటిల్లో ఎవరూ ఏమీ అనడం లేదు. దిగ్గుమని అని మా ఇంట్లో ఎవరూ అనగా నేను వినలేదు, చటుక్కుమని కూడా అంతే. కానీ చటుక్కుది చురుక్కు, చివుక్కుల అచ్చే, దిగ్గుది భగ్గు అచ్చే. ఒకే అచ్చులో పోసిన ఇటుకల్లో ఒకటి మట్టిది, ఒకటి సున్నానిది కాదు కదా.

నాకు ఇది మొదట తెలిసింది కన్నడం బడిలోనే. అక్కడి వ్యాకరణంలో ‘అనుకరణావ్యయ’ అని ఒక రకం ఉంది. ధగధగ, చురుచురు, సుయ్యనె ఇట్లాంటివి పరీక్షకి బట్టీ పట్టేవాళ్ళం. అర్థం లేని శబ్దాన్ని విన్నట్టుగా తిరిగి పలకడమే అనుకరణ. ఇంతకన్నా బాగా చెప్పింది టీవీ. బెంగుళూరు దూరదర్శన్ చందనలో 2002 నుంచి డాక్టర్ నా. సోమేశ్వర గారు నడిపిన క్విజ్ ఉంది కదా, ‘థట్ అంత హేళి’. కర్ణాటకలో మన ఇండ్లలో అది చూడనివాళ్ళు తక్కువ. ఆ పేరుని మాటకు మాట విప్పి చూడండి: ‘థట్’ అని చెప్పండి. అంత అంటే ‘అని’. వ్యాకరణ పుస్తకాలు పేజీలకు పేజీలు చెప్పేది ఆ కార్యక్రమం పేరులోనే ఉంది. దాన్నే గట్టిగా కట్టేస్తే ‘థట్టనె’, మన ‘తటుక్కున’కి అది చెల్లెలు.

ఇంకా పైకి పోతే సంస్కృతంలోనూ ఇదే కనబడుతుంది. ‘వెంటనే’ అనడానికి సంస్కృతంలో ఝటితి అంటారు. ఝటత్ + ఇతి. ఇతి అంటే ‘అని’. ఇట్లాంటి శబ్దానుకరణ మాటల చివర ఉండే ‘అత్’, ఇతి పక్కన చేరినప్పుడు ఏమవుతుందో పాణిని అష్టాధ్యాయిలో ఒక సూత్రమే పెట్టాడు, ఆరో అధ్యాయం మొదటి పాదంలో 98వది. పటత్ + ఇతి అంటే పటితి అవుతుందని దానికి చూపే ఉదాహరణ. అంటే రెండు వేల ఏండ్లకు ముందే ‘పట్ అని’ అనడం ఈ దేశంలో వ్యాకరణం పట్టించుకోవలసినంత మామూలు సంగతి. సంస్కృతంలో ఇతి వాడే ఈ తీరు ద్రావిడ భాషల తీరుని పోలి ఉందని కైపర్ అనే డచ్చి పండితుడు 1967లో రాశాడు. రెండేండ్లకు, 1969లో, ఎమెనో ఈ అనుకరణ మాటలనే పట్టుకుని ఒక పెద్ద వ్యాసం రాశాడు. ఆయన 1930లలో నీలగిరుల్లో తోడ, కోత భాషలనీ, కొడగులో కొడవ భాషనీ వాళ్ళ నోటినుంచే విని రాసుకున్న మనిషి. బరోతో కలిసి ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు చేసింది కూడా ఆయనే. ఈ మాటలు ఉత్తరాది భాషలకూ దక్షిణాది భాషలకూ ఉమ్మడి ఆస్తి అయిపోయాయనీ, భారతదేశం మొత్తం ఒక భాషా ప్రాంతంగా కలిసిపోయిందనడానికి ఇవి ఒక సాక్ష్యమనీ ఆయన చూపించాడు.

అట్లాగని అందరూ ‘అన’రు. బరంపురం వైపు ఉన్న మనవాళ్ళు ఒడియాలో ‘చట్ కరి’, ‘ఝట్ కరి’ అంటారు కదా. కరి అంటే ‘చేసి’. అక్కడ శబ్దాన్ని అనరు, చేస్తారు. హిందీలో ‘ఝట్ సే’. మరాఠీలో చటకన్, పటకన్. అది వినగానే మన చటుక్కున, కన్నడం చటక్కనె గుర్తొస్తాయి గానీ, ఒక్క పోలికని పట్టుకుని చుట్టరికం కలపడం పెండ్లిళ్ళ పేరయ్య పని. కన్నడం, తెలుగు, తమిళాల సంగతి వేరు. అక్కడ మూడింటిలోనూ కనబడేది ఆ భాష సొంత ‘అను’ క్రియ, ఆ మూడు క్రియలూ ఒకే పాత ధాతువు బిడ్డలు.

ఇప్పుడు మన పిల్లల్ని నవ్విన ప్రశ్న దగ్గరికి వద్దాం. దిగ్గున కన్నడం నుంచి తెచ్చుకున్నదా?

ఇట్లాంటి మాటకి రెండు భాగాలు ఉన్నాయి. ఒకటి చట్రం, అంటే ‘ఫలానా అన’ అనే కట్టుబడి. రెండోది దాంట్లో కూర్చునే శబ్దం. చట్రం ఎవరి దగ్గరా అప్పు తేలేదు, తెలుగు కన్నడం విడిపోకముందు నుంచీ వచ్చిన తాతల నాటి ఆస్తి. శబ్దం మాత్రం గోడలు దూకుతుంది. దిగ్, గబ్, టక్ లాంటివి ఏ భాషలోనైనా పుట్టవచ్చు, పక్కవాళ్ళ నోటి నుంచి రావచ్చు, రెండు చోట్లా విడివిడిగా కూడా పుట్టవచ్చు. రెండు భాషలూ ఒకే ఊళ్ళో కాపురం చేసినప్పుడు ఏది ముందు అని కొట్లాడటం నాకు అంత ముఖ్యంగా కనబడదు. కరీంనగరం దగ్గర కురిక్యాల బొమ్మలగుట్ట మీద 10వ శతాబ్దపు శాసనం ఉంది. కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు జినవల్లభుడు వేయించినది. ఒకే బండ మీద సంస్కృతం, కన్నడం, తెలుగు పద్యాలు మూడూ ఉన్నాయి. ఆ కాలంలోనే బండ పంచుకున్న భాషలు ‘దిగ్గు’ పంచుకోవా?

అయితే నవ్వించుకున్న రెండో మాట, గక్కున, విషయంలో నేను గట్టిగానే వాదిస్తా. తెలుగులో దీని పాత రూపం గ్రక్కున. సుమతీ శతకంలో, అవసరానికి ఆదుకోని బంధువుని వదిలేయమనే పద్యంలో ఉండేది ఈ మాటే, తెలుగు బడుల్లో చదివినవాళ్ళు పసితనంలోనే కంఠస్థం చేసినదే. క్రింద కింద అయింది, ప్రొద్దు పొద్దు అయింది, గ్రుడ్డు గుడ్డు అయింది. గ్రక్కున గక్కున కావడానికి కన్నడం వాళ్ళ సాయం అక్కర లేదు. కన్నడం గక్కనెలో ఆ రకారమే లేదు. అక్కణ్ణుంచి తెచ్చుకున్నదైతే తెలుగు కవులు ఆ ర ఎక్కడనుంచి పట్టుకొచ్చారు? మన పిల్లలు తెచ్చుకున్నది మాటను కాదు, చివర్న ఉన్న ఎకారాన్ని మాత్రమే. గక్కనెలో గక్కు ఇంటిది, నె బడిది.

దానికి ఎదురు కథలూ ఉన్నాయి, నవ్వుకోవడానికి బాగుంటాయి. తెలంగాణలో ‘దబ్బున రా’ అంటే తొందరగా రా అని. కర్ణాటకలో పెరిగిన చెవికి అది వేరేగా వినబడుతుంది. ‘దబ్బనె బిద్ద’ అంటే ధబ్‌మని కింద పడ్డాడని. తొందరగా రమ్మంటున్నారో, వచ్చి పడమంటున్నారో తెలియక మా అక్క పెళ్ళయిన కొత్తలో అత్తగారింట్లో నిలబడిపోయిందంట. ఉలుకుతో ఇంకో ఇబ్బంది. మనం ‘ఉలిక్కిపడినా’ అంటే కన్నడం స్నేహితులకి కాలు బెణికిందని వినబడుతుంది, వాళ్ళ ‘ఉళుకు’ అంటే బెణుకు. ల, ళల తేడా ఉన్నా చెవి దాటిపోతుంది. వాళ్ళు ఉలిక్కిపడటాన్ని ‘బెచ్చిబిద్దె’ అంటారు. మాట వేరు, కట్టు మాత్రం ఒకటే: ఉలికి పడటం, బెచ్చి బీళడం, రెండింట్లోనూ మనిషి నిలబడిన చోటే ‘పడుతున్నాడు’.

దిగులు సంగతి ఇంకా చిత్రం. తమిళంలో తిగిల్ అంటే భయం, దయ్యాల సినిమాని తిగిల్ పడం అంటారు. కన్నడంలో దిగిలు అంటే ఒక్కసారిగా వచ్చే గాభరా. తెలుగు దిగులు మాత్రం ఒక్కసారిగా రాదు, వచ్చి కూర్చుంటుంది, రోజుల తరబడి పోదు. మూడూ తోబుట్టువులే. దీన్నీ దిగ్గుననీ ఒక ఇంటి పిల్లలుగా చూపించాలని చాలామందికి ఆశ పుడుతుంది. నాకు ఒప్పదు. దిగులుకి విభక్తులు తగులుతాయి, దిగులుతో, దిగులుకి అంటాం, దిగులుపడతాం. దిగ్గుకి న తప్ప ఏదీ అతకదు. అది పేరు కాదు, శబ్దం.

ఈ శబ్దాల లోపల కూడా ఒక లెక్క ఉంది. గబగబ అంటే ఆగకుండా సాగేది. గబుక్కున అంటే ఒక్కసారితో తెగిపోయేది. పటపట వాన పడుతుంది, పటుక్కున కొమ్మ విరుగుతుంది. టకటక నడుస్తారు, టక్కున ఆగుతారు. కన్నడంలోనూ పటపట, పటక్కనె అచ్చం ఇట్లాగే. మాటని రెండుసార్లు అంటే పని సాగుతున్నట్టు, ‘క్కు’ని నొక్కితే తలుపు మూసినట్టు. ఇక దీర్ఘం వచ్చిందంటే కదిలే వస్తువు పెద్దదని: గభాలున, దభాలున, ఢమాలున. చెంచా కింద పడితే దభాలున అనం, బీరువా పడితే అంటాం. తమిళంలో ఆ దీర్ఘం ఈకారంతో వస్తుంది, తిడీర్, పళీర్, సుళీర్. ఆ తిడీర్ జాతిదే కన్నడం దిఢీర్. అది ఇప్పుడు వంటింట్లోకి వచ్చేసింది, అప్పటికప్పుడు పోసుకునే దోసెని కన్నడంలో దిఢీర్ దోసె అంటారు. తెలుగు ప్యాకెట్ల మీద మాత్రం ఇన్‌స్టంట్ అనే ఉంటుంది. తటాలున దోసె అని వేసి ఉంటే నేనైతే కొనేవాణ్ణి.

ఇదంతా మాటల సరదా అని కొట్టిపారేసేవాళ్ళ కోసం ఒక సంగతి. రెండేండ్ల కిందట మా అవ్వ రాత్రిపూట మంచం దగ్గర పడింది. బెంగుళూరులో ఆసుపత్రికి తీసుకుపోయాం. ఎట్లా పడిందని డాక్టరు అడిగితే మా చిన్నాయన కొడుకు ఇంగ్లీషులో చెప్పాడు, సడన్‌గా పడిపోయిందని. డాక్టరు రాసుకున్నాడు. కాలు జారిందా, మూర్ఛ ఏమైనా వచ్చిందా అని అడుగుతూ పోయాడు. అవ్వ మధ్యలో అడ్డుపడి, ‘ఫోను మోగిందని దిగ్గున లేసినా నాయనా, తల గిర్రుమనింది’ అంది. చిన్నాయన దాన్ని కన్నడంలో చెప్పాడు: ‘దిగ్గనె ఎద్దళంతె, తలె గిర్ అంతంతె’. డాక్టరు రాసేది ఆపి, అవ్వ ఏ బీపీ మాత్ర ఎప్పుడు వేసుకుంటుందని అడిగాడు. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూశారు. నిలబడగానే పడిపోతోంది. వయసైనవాళ్ళలో, బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళలో ఇది తరచుగా కనబడేదే. ఒక్కసారిగా లేస్తే రక్తం కాళ్ళలోకి దిగి తలకి చాలదు. మాత్ర మార్చారు. మంచం అంచున కాసేపు కూర్చుని లేవమన్నారు. సడన్‌గా పడింది అన్నప్పుడు పడటం ఒక్కటే చేరింది. దిగ్గున లేచింది అన్నప్పుడు పడకముందు ఒళ్ళు ఏం చేసిందో కూడా చేరింది. అది చేరింది కూడా, ఇక్కడివాళ్ళ మాటా మన మాటా ఒకటే అయినందుకు.

పోయిన మాటలూ ఉన్నాయి. పాత తెలుగు కావ్యాల్లో తొందరగా అనడానికి చెచ్చెర అనేవాళ్ళు, పాత కన్నడంలో చెచ్చర. రెండు చోట్లా ఉండేది, రెండు చోట్లా పోయింది. దాని చివర న లేదు. ‘అను’ తోడు లేక పోయిందా అని నాకు ఒక ఊహ, ఊహే గనక దాన్ని సాగదీయను. గొబ్బున, చయ్యన కూడా ఇప్పుడు పద్యాల్లోనే ఉన్నాయి. వాటికి న ఉన్నా పోయాయి, కాబట్టి నా ఊహ అంత గట్టిది కూడా కాదు.

కొత్తవి మాత్రం పుడుతూనే ఉన్నాయి. దిగ్గున అంటే నవ్వుతారని మానేసిన మా మేనకోడలికి ఏడేండ్లు. మొన్న అపార్ట్‌మెంట్‌లో కొత్త లిఫ్ట్ ఎక్కి వచ్చి, అది ‘ఝుయ్యిన పైకి పోయింది’ అని చెప్పింది. ఫోను చార్జింగ్‌కి పెట్టగానే ‘టుంగుమనింది’ అంది. ఝుయ్యి ఏ నిఘంటువులోనూ లేదు, ఎవరూ నేర్పలేదు. న ఎక్కడ పెట్టాలో, మని ఎక్కడ పెట్టాలో దానికి తెలుసు.